థండర్‌క్యాట్ ‘డ్రంక్’: అందరూ పొగిడారు సరే, నాకు బేసే వినపడలేదేంటి?

పటమట కుర్రాడు · శనివారం రాత్రి 10:52

ముందే దండం పెట్టేస్తున్నా, కొట్టడానికి రాకండి. నెల రోజులుగా ఇక్కడ ఎవరిని కదిలించినా బేస్, బేస్ (పాట అడుగున మోగే లావు స్వరాలు) అంటున్నారని ఇవాళ తీరుబడిగా కూర్చుని అమెరికా బేస్ గిటారిస్టు థండర్‌క్యాట్ 2017 ఆల్బమ్ ‘డ్రంక్’ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మొత్తం 23 ట్రాకులు, అన్నీ కలిపి 51 నిమిషాలు. మూడు నిమిషాలు దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటైతే అర నిమిషం కూడా లేదు.

నా బాధలు ఇవీ. పాట ఎక్కడో బాగుంది అనుకునేలోపు అయిపోతోంది. ఒక పాటలో మ్యావ్ మ్యావ్ అంటాడు, నిజంగానే పిల్లిలాగా. మనిషి గొంతు చూస్తే సన్నగా గాల్లో తేలుతుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బేస్ ఆల్బమ్ అన్నారు కదా, ఆ బేస్ ఎక్కడుందండీ? గిటార్ వినపడింది, కీబోర్డు వినపడింది, డ్రమ్స్ వినపడ్డాయి. ఆ ఏడాది చివర్లో మంచి ఆల్బమ్‌ల జాబితాలు వేసిన విమర్శకులు చాలామంది దీన్ని ఎక్కించారు. వాళ్లు విన్నదీ నేను విన్నదీ ఒకటేనా?

డీజే బండి · 10:58

తమ్ముడూ, నిజం చెప్పు. ఫోన్ స్పీకర్లో విన్నావు కదా?

పటమట కుర్రాడు · 11:01

...అవును. కానీ స్టీలు గ్లాసులో పెట్టా.

డీజే బండి · 11:01

😂😂😂 గ్లాసులో పెట్టాడంట రా బాబూ

ఓమ్ నియమం · 11:26

నవ్వకండి, మా వన్‌టౌన్ షాపుకి వచ్చే కంప్లైంట్లలో సగం ఇవే. “బేస్ రావట్లేదండీ” అని బాక్సు తెస్తారు. విప్పి చూస్తే బేస్ రావడానికి లోపల ఏమీ ఉండదు.

కుర్రాడా, కాస్త లెక్క చెబుతా, ఓపికగా చదువు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగని వట్టిగా మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. 41 హెర్ట్జ్ అంటే అదే. థండర్‌క్యాట్ చేతిలో ఉండేది ఆరు తీగల బేస్. మామూలు శ్రుతిలో దాని అడుగు తీగ 31 హెర్ట్జ్, పై తీగ 131. అంత నింపాదిగా ఊగే గాలిని నెట్టాలంటే స్పీకర్ కోన్ పెద్దదై ఉండాలి, ముందుకీ వెనక్కీ బాగా జరగాలి. ఫోన్లో ఉన్నది వేలిగోరంత. దానికి 41 పలకడం అంటే చెంచాతో కృష్ణ తోడటం. ఇక నీ స్టీలు గ్లాసు. అది తన పొడవుకి సరిపోయే స్వరాన్ని ఉబ్బిస్తుంది. 12 సెంటీమీటర్ల గ్లాసైతే 700 హెర్ట్జ్ చుట్టుపక్కల. అంటే నువ్వు బేస్ పెంచలేదు, ఉన్న కీచుని ఇంకాస్త పెంచావు.

ఒక తమాషా ఏమిటంటే, 41 రాకపోయినా దానికి రెండు, మూడు, నాలుగు రెట్లు 82, 123, 164 అలా పైవి కొన్ని వస్తాయి. వాటి మధ్య ఎడం చూసుకుని, అడుగున 41 ఉండే ఉంటుందని మెదడు తనంతట తానే పూడ్చుకుంటుంది. అందుకే ఫోన్లో విన్నా పాట ఇదీ అని తెలిసిపోతుంది. తెలుస్తుంది, అంతే. తగలదు.

పటమట కుర్రాడు · 11:34

అన్నా, ఇదంతా ఒప్పుకుంటా. కానీ హెడ్‌ఫోన్స్ కూడా ఉన్నాయి నా దగ్గర. మూడు నెలల క్రితం బీసెంట్ రోడ్డులో ఒక బండి మీద కొన్నా, పెద్ద కంపెనీ బొమ్మ ఉంది. ఎడమ చెవి వారానికే పోయింది. ఆ కుడి చెవితోనే నా సంగీత సాధన.

నాలుగు తీగలు · ఆదివారం ఉదయం 6:15

గుంటూరు నుంచి. రాత్రి పెళ్లి ప్రోగ్రాం అయ్యి ఇప్పుడే ఇంటికొచ్చా, నిద్ర పట్టక ఇది చూశా. ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తా, చాలా ఏళ్లుగా. సింగర్‌కి మానిటర్ (తనది తనకి వినపడే స్పీకర్) ఉంటుంది, కీబోర్డుకి ఉంటుంది. నేను అడిగితే మిక్సర్ కుర్రాడు “నీది ఎట్టాగూ జనానికి ఆనదులే అన్నా” అంటాడు. కాబట్టి ‘బేస్ ఎక్కడుంది’ అన్న మాట వింటే నాకు కోపం రాదు, అలవాటైపోయింది.

కానీ ఒక మాట అడుగుతా. ఆ ఆల్బమ్‌లో మూడో ట్రాకు, ‘ఉహ్ ఉహ్’ అని ఉంటుంది. మాటలుండవు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే పరుగు. అందులో నీకు ఏం వినపడింది?

పటమట కుర్రాడు · ఉదయం 9:40

అది బాగా గుర్తుంది అన్నా. గిటార్ ఇరగదీశాడు. ఎవరు వాయించారది?

నాలుగు తీగలు · 9:44

అది గిటార్ కాదు నాయనా. అదే బేస్.

పటమట కుర్రాడు · 9:45

ఏంటీ???

నాలుగు తీగలు · 10:20

ఓమ్ గారు చెప్పింది నిజమే, కానీ అది సగమే. నీకు అడుగు బేస్ వినపడలేదు. పై బేస్ మాత్రం మొత్తం వినపడింది, దాన్ని నువ్వు గిటార్ ఖాతాలోనో కీబోర్డు ఖాతాలోనో రాసేసుకున్నావు. ఆరు తీగలున్నప్పుడు కింద రెండింటితో నేల వేస్తూ, పై తీగల మీద మూడేసి స్వరాలు కలిపి కార్డ్స్ పట్టొచ్చు. ఈయన చేసేది అదే. ఆ కార్డ్స్ మీద తనే సన్నటి దొంగగొంతుతో పాడతాడు. చాలా పాటల్లో నువ్వు ‘ఎవరో కీబోర్డు భలే వాయించాడే’ అనుకున్న చోట్లు బేసే అయి ఉండొచ్చు. నేను కూడా మొదటిసారి మోసపోయా, ఇరవై నాలుగు గంటలూ బేస్ మోసేవాణ్ణి.

ఇప్పుడు ‘దెమ్ ఛేంజెస్’ విను. 2015లో వచ్చిన చిన్న రికార్డులో ముందు వేశాడు, దీంట్లో మళ్లీ పెట్టాడు. డ్రమ్స్ ఐస్లీ బ్రదర్స్ 1977 పాట ‘ఫుట్‌స్టెప్స్ ఇన్ ద డార్క్’ నుంచి తీసిన ముక్క. దాని మీద బేస్ ఫిల్టర్‌లోంచి వస్తుంది. ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలిస్తే గొంతులో వచ్చే చప్పుడు ఉంటుంది చూడు, దానికి స్వరం కడితే ఎట్టా ఉంటుందో అది. అందులో వాయించినదానికంటే వదిలేసిన చోట్లు ముఖ్యం. నేను రెండు నెలలు కూర్చున్నా దాని మీద. వేళ్లకి వచ్చింది, ఆ వదలడం మాత్రం ఇంకా రాలేదు.

అప్పుడప్పుడు పెళ్లిలో సౌండ్ చెక్ టైంలో అదే వాయిస్తుంటా. మొన్న ఒకచోట వంటాయన గుండిగ పక్కన నిలబడి గరిట అదే కాలానికి ఊపుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో పెళ్లికూతురి మేనమామ వచ్చి “టెస్టింగ్ అయితే అన్నమయ్య కీర్తన ఎత్తుకోండి బాబూ” అన్నాడు.

బ్రాడీపేట అక్క · 11:05

నాలుగు తీగలు గారూ, ఆ వంటాయన్ని మన గ్రూపులో చేర్చండి.

పటమట తమ్ముడి అసలు ప్రశ్న పక్కకి పోయింది. విమర్శకులు ఏం విని పొగిడారు అని కదా. నేను అప్పట్లో ఈ ఆల్బమ్ మీద వచ్చినవి దొరికినన్ని చదివాను. పొగిడినవాళ్లూ పెదవి విరిచినవాళ్లూ పట్టుకున్నది ఒకే సంగతి. ముక్కలు. మెచ్చుకున్నవాళ్లు ‘ఈ మనిషి బుర్రలో తిరిగే గోలంతా ఉన్నదున్నట్టు దించాడు, జోకు వెనకాలే దిగులు ఉంది’ అన్నారు. నచ్చనివాళ్లు ‘ఇన్ని మంచి మొదళ్లు పెట్టుకుని ఒక్కదాన్నీ కొసదాకా తీసుకెళ్లడేం’ అన్నారు. కెనీ లాగిన్స్, మైకేల్ మెక్‌డొనాల్డ్ ఇద్దర్నీ తెచ్చి ‘షో యూ ద వే’ పాడించడం గురించి కూడా అందరూ రాశారు. ఒకప్పుడు అమెరికాలో మెత్తటి పాటలకి పేరుపడ్డ గొంతులు అవి. కుర్రకారు వాళ్లని వెక్కిరించడానికి వాడుకునే రోజుల్లో ఈయన నిజంగా ప్రేమతో పిలిచాడు. ఇంకో పాటలో ర్యాపర్ కెండ్రిక్ లమార్. ఒకే ఇంటికి ఇంతమంది చుట్టాలు.

నాకు మాత్రం ఇది చాటువుల సంపుటంలా వినిపిస్తుంది. మనకి ప్రబంధాలూ ఉన్నాయి, చాటువులూ ఉన్నాయి. శ్రీనాథుడివని చెప్పుకునే పల్నాటి పద్యాలు ఉన్నాయి కదా, నాపరాళ్లూ సజ్జకూడూ తేళ్లూ పాములూ అంటూ నాలుగు పాదాల్లో విసిరేస్తాడు. దాన్ని చదివి ‘బాగుంది గానీ ఆరు ఆశ్వాసాలు చేస్తే పోయేది’ అని ఎవరూ అనరు. పర్సు క్లబ్బులో మర్చిపోయి ఇంటికొచ్చినవాడి గురించి నిమిషం నలభై సెకన్ల పాట చాలు. దాన్ని ఐదు నిమిషాలు లాగితే నవ్వు పోతుంది.

పటమట కుర్రాడు · 11:31

అక్కా, మీరు లెక్చరర్ అని ఒప్పుకుంటాం 🙏 కానీ చాటువు ఒకటి చెప్పి కూర్చుంటారు. 23 చాటువులు ఆపకుండా 51 నిమిషాలు చదివితే తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కుర్చీలు తప్ప ఎవరూ మిగలరు.

బ్రాడీపేట అక్క · 11:40

😀 ఇది గట్టి దెబ్బే. సగం ఒప్పుకుంటున్నా. చివరి మూడోవంతు నాక్కూడా సడలినట్టే ఉంటుంది, ముఖ్యంగా ‘డ్రింక్ దట్’ దగ్గర. అయితే మొదటి ట్రాకులో వచ్చే రాగమే ఆఖరి ట్రాకులో మళ్లీ వస్తుంది, గమనించావా? తాగడానికి బయల్దేరినప్పటి పాట, తాగి బండి నడిపి పట్టుబడ్డప్పటి పాట. రెండూ ఒకటే వరస. ముక్కలన్నీ ఎటో పోతున్నట్టుంటాయి గానీ ఒక రాత్రి గిరగిరా తిరిగి అక్కడికే వచ్చి ఆగుతుంది.

పాత కేసెట్ · మధ్యాహ్నం 12:15

పిల్లలూ, నేను మీ అందరికన్నా పెద్దవాణ్ణి. మా అబ్బాయి పెట్టిచ్చిన స్పీకర్లో నాలుగు పాటలు విన్నాను. నాకు నచ్చలేదు అనను, పట్టుబడలేదు. పల్లవి ఏది? ఎక్కడ ఎత్తుకున్నాడో ఎక్కడ దించాడో తెలియలేదు.

కానీ ఓమ్ నియమం గారు ‘తెలుస్తుంది, తగలదు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1948 డిసెంబరులో ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక మా నాన్నగారు వాల్వుల రేడియో కొన్నారట. పెద్ద చెక్క పెట్టె. నాకు ఊహ తెలిసేనాటికి అది నడివయసులో ఉంది. స్విచ్ వేశాక వేడెక్కడానికి కాసేపు పట్టేది. భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ గారి గొంతు కింది స్థాయికి దిగితే పెట్టె మీద పెట్టిన ఇత్తడి మరచెంబు సన్నగా జుయ్‌మనేది. అమ్మ దాని కింద గుడ్డ మడిచి పెట్టింది. తరవాత అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్ వచ్చింది. పాట ఎక్కడికైనా వచ్చేది, చెంబు మాత్రం మళ్లీ మోగలేదు.

అది సరే గానీ, ఇలాంటి పాటల దగ్గర నియో సోల్ అనే మాట వినపడుతుంటుంది, అంటే ఏమిటి నాయనా? జాజ్ అంటే కొంత తెలుసు.

నాలుగు తీగలు · 1:02

పెద్దాయనా, మీ చెంబు కథకి దండం.

నియో సోల్ అంటే, 1960, 70ల్లో అమెరికా నల్లజాతి వాళ్ల సోల్ పాటలు ఉన్నాయి కదా, చర్చి పాటల్లోంచి వచ్చిన గొంతులు. 90ల్లో ఒక తరం కుర్రాళ్లు మళ్లీ అటు తిరిగారు, కానీ హిప్‌హాప్ విని పెరిగినవాళ్లు కాబట్టి డ్రమ్స్ అక్కడివి, కార్డ్స్ జాజ్‌వి. ఎరికా బడూ, డి’ఏంజెలో ఆ బాపతు. థండర్‌క్యాట్ బడూ దగ్గర బేస్ వాయించినవాడే. అసలు పేరు స్టీఫెన్ బ్రూనర్, లాస్ ఏంజెలెస్. నాన్న డ్రమ్మర్, అన్న డ్రమ్మర్. సూసైడల్ టెండెన్సీస్ అనే మోత బ్యాండ్‌లో కూడా వాయించాడు. కెండ్రిక్ లమార్ 2015 ఆల్బమ్‌లో బేస్ ఎక్కువ భాగం ఈయన చేతిదే. ఆ ఆల్బమ్‌లో పాటకే 2016లో గ్రామీ కూడా వచ్చింది. అదే ఏడాది, 2015లోనే, శాక్సఫోన్ వాయించే కమాసి వాషింగ్టన్ మూడు డిస్కుల ‘ది ఎపిక్’లో కూడా ఉన్నాడు. దాదాపు మూడు గంటల జాజ్ అది. అంటే కొసదాకా వాయించడం రానివాడు కాదు. ‘డ్రంక్’లో కావాలనే ఆపేశాడు.

తొప్పి రవ్వ · సాయంత్రం 5:30

సత్యనారాయణపురం నుంచి. మృదంగం మనిషిని, నా పేరు చూస్తే తెలిసిపోతుంది. నాకు ఈ ఆల్బమ్ మీద ఒక ఫిర్యాదు ఉంది, దానికి ముందు కొంచెం మా వంటింటి సంగతి.

మృదంగానికి ఎడం వైపు తొప్పి. కచేరీకి ముందు బొంబాయి రవ్వ గుప్పెడు తీసుకుని నీళ్లు చల్లి, బంక సాగేదాకా అరచేతిలో మెదిపి, చర్మం మధ్యలో గుండ్రంగా అద్దుతాం. ఆ బరువుకి చర్మం నింపాదిగా ఊగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. ఎక్కువ పెడితే మూగపోతుంది, తక్కువైతే డప్పులా మోగుతుంది. ఏసీ హాలైతే గంటకే ఎండిపోయి స్వరం పైకి పాకుతుంది. పాట నడుస్తుండగానే తడి వేలితో సర్దుకోవాలి. కచేరీ అయ్యాక గీకి పారేయాలి. మర్నాడు మళ్లీ మొదటికే. బేస్ అనేది ఎవరికీ శాశ్వతంగా దొరకదు, రోజూ కలుపుకోవాల్సిందే.

ఆ తొప్పి మీద మణికట్టుని నొక్కి జరిపితే స్వరం జారుతుంది. గుంకి అంటాం. పెద్ద విద్వాంసులు ఆవర్తం (తాళం ఒక చుట్టు) మొత్తానికి రెండు గుంకీలు వేస్తారు, అంతే. సభ అంతా ఆ రెండింటి కోసం కూర్చుంటుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు. ‘ఉహ్ ఉహ్’లో వేగం ఉంది. అంత వేగం ఎందుకయ్యా? వలంతల (కుడి వైపు) మీద పరన్లు, అంటే వేగం దెబ్బలు, కుమ్మేసేవాడు చాలామంది దొరుకుతారు. తొప్పి నిలబెట్టేవాడు అరుదు.

నాలుగు తీగలు · 5:48

గురువుగారూ, మీకు కావాల్సింది పీనో పల్లాడినో. 2000 జనవరిలో వచ్చిన డి’ఏంజెలో ‘వూడూ’ వినండి. వేల్స్‌లో పుట్టిన తెల్లాయన, అందులో చాలా పాటలకి బేస్ ఆయనదే. నాలుగే తీగలు, నున్నటి తీగలు. గుంకీల్లాగే ఎంచి ఎంచి వేస్తాడు.

తొప్పి రవ్వ · రాత్రి 8:10

విన్నాను, మొదటి మూడు పాటలు. స్వరం బాగుంది. కానీ తాళం ఏమిటి, ఈడుస్తున్నాడు? డ్రమ్స్ ఒక చోట, బేస్ దాని వెనక ఎక్కడో. మా గురువుగారైతే వేళ్ల మీద కొట్టేవారు.

బ్రాడీపేట అక్క · 8:22

తాళం దెబ్బకి ముందో వెనకో పాట ఎత్తుకునే మన అతీత, అనాగత ఎడుపుల్లాంటిదేనేమో అండీ?

తొప్పి రవ్వ · 8:41

కాదమ్మా. అక్కడ పొరపాటు పడకూడదు. ఎడుపు సమం (తాళం మొదటి దెబ్బ) నుంచి అరక్షరమో ముప్పావో తప్పుకుంటే, ఆ దూరం లెక్కలో ఉంటుంది. చేత్తో వేసి చూపించొచ్చు. ఇతను జరిగింది ఏ భిన్నానికీ లొంగదు. కొలత లేని ఆలస్యం.

నాలుగు తీగలు · 8:55

సరిగ్గా పట్టుకున్నారు. అది జే డిల్లా అనే హిప్‌హాప్ ఆయన దగ్గర మొదలైంది. డ్రమ్ మెషిన్‌లో దెబ్బల్ని గీత మీదకి సర్దే మీట ఉంటుంది. ఆయన అది వాడకుండా చేత్తో కొట్టింది కొట్టినట్టే వదిలేసేవాడు. ‘వూడూ’లో డ్రమ్స్ వాయించిన క్వెస్ట్‌లవ్ లాంటివాళ్లు ఆ ఊపుని మళ్లీ మనుషుల చేతుల్లోకి తెచ్చుకున్నారు. మెషిన్‌ని చూసి మనిషి నేర్చుకున్న తూలుడు అన్నమాట. 2025 అక్టోబరులో డి’ఏంజెలో పోయాడని తెలిసిన రాత్రి మేము నలుగురం శంకర్‌విలాస్ సెంటర్ దగ్గర టీ కొట్టు కట్టేసేదాకా దీని గురించే మాట్లాడుకున్నాం.

తొప్పి రవ్వ · 9:15

తూలినవాడు పడకుండా నడిస్తే అదీ విద్యే. మళ్లీ వింటాను. ఒప్పుకున్నానని మాత్రం రాసుకోకండి.

గోలీసోడా · 9:20

ఇళయరాజా 80ల్లో వేసిన బేస్ ముందు ఇవన్నీ ఎందుకూ పనికిరావు

కొండపల్లి బొమ్మ · 9:21

ఇదిగో వచ్చాడండీ. ఎవరైనా ఇంకో దేశపు పాట మెచ్చుకుంటే చాలు

గోలీసోడా · 9:23

తప్పు ఏమన్నాను? సినిమా పాటలో బేస్‌కి సొంత పాట ఇచ్చింది ఎవరు మరి?

మోడరేటర్ · 9:30

ఇళయరాజాకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇంకా ఎవరూ గెలవలేదు. అటు పదండి. ఈ ముచ్చటలో వచ్చిన మరో పదకొండు పోస్టులు కూడా అక్కడికే జరిపాను.

డీజే బండి · సోమవారం సాయంత్రం 6:05

అందరూ కబుర్లేనా? మా బండి మీద 18 అంగుళాల బాక్సులు ఎనిమిదున్నాయి. చవితికి మా వీధిలో అద్దాలు పగిలినంత పనైంది. రేపు గొడౌన్‌లో మీ పిల్లి పాటాయన్ని వేస్తా. చూద్దాం బేస్ ఎందుకు రాదో.

ఓమ్ నియమం · 6:20

వస్తుంది బాబూ, గుండెల మీద గుద్దు వస్తుంది. నీ బాక్సులు దడ్ దడ్ అనే ఒకే దెబ్బ గట్టిగా రావడానికి కట్టించుకున్నవి. బేస్ తీగ మీద స్వరం మెట్టు మెట్టుగా దిగుతుంటే అన్ని మెట్లూ ఒకే ఎత్తులో రావాలి. నీ బాక్సు తనకిష్టమైన ఒక మెట్టు మీద అరుస్తుంది, మిగతావి మింగేస్తుంది.

డీజే బండి · మంగళవారం రాత్రి 9:48

వేశా. రిపోర్టు రాసుకోండి.

‘దెమ్ ఛేంజెస్’ సూపర్. గొడౌన్ రేకులు ఊగాయి. ఓమ్ అన్న చెప్పింది కూడా కరెక్టే, ఒక స్వరం దగ్గర మాత్రం ఏనుగు పడ్డట్టు వచ్చింది, పక్క స్వరం దగ్గర ఏం లేదు. పిల్లి పాట వచ్చేసరికి మా వాచ్‌మన్ తాత టార్చి తీసుకుని బాక్సుల వెనక పిల్లి కోసం వెతికాడు. దొరికింది కూడా. నిజం పిల్లి. రెండు పిల్లలతో ఉంది పాపం. వెంటనే ఆపేశా.

బ్రాడీపేట అక్క · 9:55

ఈ ఆల్బమ్ మీద నేను చదివిన సమీక్షలన్నిటిలో ఇదే ఉత్తమం. ఆయనకి నిజంగానే ట్రాన్ అని పిల్లి ఉంది, ఆ పాట దాని గురించే!

పటమట కుర్రాడు · గురువారం రాత్రి 11:10

నేను మళ్లీ వచ్చా. ఈసారి మా బావ దగ్గర హోమ్ థియేటర్ అడుక్కుని తెచ్చా, నేల మీద పెట్టే బేస్ బాక్సుతో సహా. హాల్లో మధ్యలో సోఫా వేసుకుని రాజాలా కూర్చున్నా. అడుగు స్వరాలు మళ్లీ లేవు! ఒళ్లు మండిపోయింది. మంచినీళ్లు తాగుదామని వంటింటి గోడ దగ్గరికి వెళ్లేసరికి వెనక నుంచి ఎవరో తోసినట్టు బేస్. వెనక్కి సోఫా దగ్గరికి వస్తే మాయం. గోడకి వెళ్తే ఉంది. అలా ఏడెనిమిది సార్లు తిరిగా. అమ్మ చూసి “ఏంట్రా, ఇల్లు కొలుస్తున్నావా, అమ్మేస్తావా ఏంటి?” అంది.

ఓమ్ అన్నా, ఏంటీ దయ్యం?

ఓమ్ నియమం · 11:24

మీ హాలు పొడవెంత?

పటమట కుర్రాడు · 11:31

టేపు పెట్టి కొలిచా. 14 అడుగులు.

ఓమ్ నియమం · 11:45

అయితే దయ్యం దొరికింది. 41 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 27 అడుగులు. మీ హాలు అందులో సగం. అల ఈ గోడకి తగిలి ఆ గోడకి తగిలి తన మీదే తను పడి గదిలో స్థిరంగా నిలబడిపోతుంది. గోడల దగ్గర ఉబ్బు, సరిగ్గా మధ్యలో సున్నా. నువ్వు ఆ సున్నాలో సోఫా వేసుకున్నావు. మీ హాలు ఆ లావు తీగ కోసం కట్టినట్టే ఉంది, బిల్డరుకి తెలియదు పాపం. సోఫా వెనక గోడ వైపు రెండు మూడు అడుగులు జరుపు. మరీ గోడకి ఆనిస్తే డీజే బండి ఏనుగు వస్తుంది.

పటమట కుర్రాడు · శుక్రవారం రాత్రి 10:20

జరిపా. విన్నా. రెండుసార్లు.

సరే, నా తీర్పు. నేను గిటార్ అనుకున్నది ఎంత బేసో ఇప్పుడు తెలుస్తోంది. ‘లావా ల్యాంప్’లో గొంతు పైన తేలుతుంటే కింద ఏదో మెల్లగా మునుగుతుంటుంది, ఫోన్లో అది మొత్తం పోయింది, అందుకే నాకు ఆ పాట ఉత్త మూలుగులా అనిపించింది. ‘షో యూ ద వే’ వస్తుంటే పైకి లేవబుద్ధి కాలేదు. ఇవి, ‘దెమ్ ఛేంజెస్’, ‘ఉహ్ ఉహ్’, ఇంకో నాలుగు ట్రాకులు నావే. కానీ మిగతా పదిహేను మీద మాట మార్చను. అర నిమిషం ముక్కలు అర నిమిషం ముక్కలే. బేస్ వినపడినంత మాత్రాన పాట పూర్తయినట్టు కాదు. 14 ట్రాకులతో వదిలితే నేనూ జాబితాలో ఎక్కించేవాణ్ణి.

బ్రాడీపేట అక్క · 10:41

న్యాయంగానే ఉంది. ఒకటి మాత్రం చెప్పి ఊరుకుంటా. 2018 సెప్టెంబరులో ఆయన స్నేహితుడు మాక్ మిల్లర్ పోయాడు. ఆ తరవాత ఈయన తాగుడు మానేశాడు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఇట్ ఈజ్ వాట్ ఇట్ ఈజ్’లో ఆ దుఃఖం ఉంది, దానికే 2021లో ప్రోగ్రెసివ్ ఆర్ అండ్ బి ఆల్బమ్ గ్రామీ వచ్చింది. అది విన్నాక ‘డ్రంక్’కి తిరిగొస్తే నాకు జోకులు జోకుల్లా వినపడలేదు. 2017లో సమీక్షలు రాసినవాళ్లకి ఆ సంగతి తెలిసే వీల్లేదు. మాట మధ్యలో ఆపేసే మనిషి ఎందుకు ఆపేస్తున్నాడో మనకి తరవాత కదా తెలిసేది.

పటమట కుర్రాడు · 10:50

అక్కా, అది మనిషి కథ. నేను చెప్పేది ఆల్బమ్ గురించి.

బ్రాడీపేట అక్క · 10:52

రెంటినీ అంత తేలిగ్గా విడదీయగలిగితే నీకు నా ఉద్యోగం ఇచ్చేస్తా.

నాలుగు తీగలు · 11:15

నేను తమ్ముడి వైపే. కొసదాకా వెళ్లే బేస్ కావాలంటే మిషెల్ ఎన్‌డెగెయోచెల్లో ‘ది ఆమ్నికార్డ్ రియల్ బుక్’ విను, 2023. గ్రామీలో ఆల్టర్నేటివ్ జాజ్ అని కొత్త విభాగం పెట్టిన మొదటిసారే 2024లో అది గెలిచింది. ఆవిడా బేస్ మనిషే. కానీ తొందర లేదు ఆవిడకి. తొప్పి గురువుగారికీ నచ్చొచ్చు.

తొప్పి రవ్వ · శనివారం ఉదయం 7:05

‘వూడూ’ మళ్లీ విన్నాను. ఈసారి చేత్తో తాళం వేయడం మానేసి విన్నాను. ఆ ఆవిడది కూడా పంపండి.

పాత కేసెట్ · 8:30

మా అబ్బాయి స్పీకర్ మీద మరచెంబు పెట్టి ‘దెమ్ ఛేంజెస్’ వేశాను. మోగింది.

డీజే బండి · 8:31

పెద్దాయనా 🔥🔥🔥

పటమట కుర్రాడు · 9:10

బావ ఇవాళ హోమ్ థియేటర్ పట్టుకుపోతానని ఫోన్ చేశాడు. సోఫా మళ్లీ మధ్యలోకి జరపబోతుంటే అమ్మ వద్దంది. రాత్రి సీరియల్లో ఉరుము ఎప్పుడూ లేనంత బాగా వచ్చిందట, బావకి ఇంకో వారం ఆగమని తనే చెబుతుందట.